ఖాళీ మహలు, నిండిన గుడి

మా అమ్మాయి బెంగళూరులో ఆర్కిటెక్చర్ చదువుతోంది, నాలుగో ఏడు. తనతో చదివే నలుగురు పిల్లలు కార్తీకంలో రెండు రోజులు తిరుపతి వస్తామని ఫోన్ చేశారు. శుక్రవారం తెల్లవారుజామున దిగుతారు, శనివారం రాత్రి తిరుగు రైలు. దర్శనం టిక్కెట్లు చేతిలో ఉన్నాయి. మిగిలిన వేళంతా కట్టడాలు చూడాలని వాళ్ళ కోరిక. చంద్రగిరిలో మా మిద్దె మీద కూర్చుని అమ్మాయి పాత క్యాలెండర్ కాగితం వెనక జాబితా మొదలుపెట్టింది. పక్కన మా తమ్ముడు. నలభై ఏళ్ళు తాపీ పట్టినవాడు. అందులో చాలా ఏళ్ళు పాత గుళ్ళ మరమ్మతుల్లో గానుగ సున్నం పని చేశాడు. మొదటి పేరు దగ్గరే ఇద్దరికీ కుదరలేదు.

తిరుపతికి వచ్చిపోయే లక్షల మందిలో క్యూలైను కడ్డీలు తప్ప మరో కట్టడాన్ని గుర్తుపెట్టుకుని ఊరికి వెళ్ళేవాళ్ళు తక్కువ. ఇక్కడే పుట్టి పెరిగినదాన్ని కాబట్టి అది నాకు ఎప్పటినుంచో ఉన్న బాధ. అందుకే ఆ సాయంత్రం వాళ్ళిద్దరూ అనుకున్న మాటలు ఇక్కడ పెడుతున్నాను.

మామ: మొదట మన ఊరి రాజమహల్ అని రాయి. శనివారం పదింటికి. శుక్రవారం ఆడి మ్యూజియానికి సెలవు, అది మర్చిపోవాకు.

అమ్మాయి: మొదట గోవిందరాజస్వామి గోపురం, మామా. స్టేషన్లో దిగి నడిచిపోయేంత దూరం. సంచులు భుజాన ఉండగానే ఆ ఏడంతస్తులూ కళ్ళబడాలి.

మామ: కళ్ళబడతాది. దాని కింద ఏముండాది? గాజులంగళ్ళు, పటాలంగళ్ళు. తలెత్తితే వెనకనించి ఎవరో ఒకరు తోస్తారు. ఆడ నిలబడి కట్టడం చూసేదెట్ల?

అమ్మాయి: నిలబడి చూడాలని ఎవరన్నారు? మట్లి అనంతరాజు పదిహేడో శతాబ్దంలో ఆ గోపురం ఎత్తించింది వీధిలో నడిచేవాళ్ళ కోసం. దూరాన్నుంచి అది ఆకాశంలో వస్తువు. దగ్గరికి పోయేకొద్దీ పై అంతస్తులు ఒక్కొక్కటే కనుమరుగై రాతి అడుగుభాగం ఒక్కటే మిగులుతుంది. ద్వారంలో కాలు పెట్టాక అది గోపురమే కాదు, చల్లటి రాతి నడవ. పక్కగోడల మీద రామాయణం బొమ్మలు, కట్టించిన రాజు బొమ్మ. నాలుగు నిమిషాల నడకలో ఒకే కట్టడం మూడు కట్టడాలు అవుతుంది.

మామ: నువ్వు చెప్పేది నిజమే పాపా. కానీ ఆ నాలుగు నిమిషాలూ నీ పక్కన నడిచేవాళ్ళ మనసు యాడుంటాది? లోపల గోవిందరాజుల దగ్గర. ఉండాల్సిందే, తప్పుగా చెప్పలేదు. గోడ మీద చూపు నిలవాలంటే దేవుడు లేని కట్టడం ఒకటి కావాల.

అమ్మాయి: రాజమహల్లో రాజు కూడా లేడు.

మామ: రాజు లేకనే గదా, నాలాంటి తాపీ మేస్త్రి దర్బారు నడిమధ్యన నిలబడి పైకి చూడగలిగినాడు.

ఈ మాటకు అమ్మాయి కాసేపు పెన్ను పక్కన పెట్టింది. నేనూ ఆలోచనలో పడ్డాను. చిన్నప్పుడు ఎండాకాలం మధ్యాహ్నాలు మేం ఆ మహల్లోకి పరిగెత్తేవాళ్ళం. గడప దాటగానే ఒంటి మీద ఎండ తెగిపోయినట్టు ఉండేది. ఆ గోడల లావు ఎంతో అప్పుడు తెలియదు, ఆ చల్లదనమే తెలుసు.

అమ్మాయి: సరే, పైకి చూస్తే ఏముంది? వాళ్ళకు నువ్వే చెప్పాలి ఎలాగూ.

మామ: ఏముండాదో కాదు, ఏం లేదో చూడాల. మూడంతస్తుల్లో యాడా కట్టె లేదు. దూలం లేదు, వాసం లేదు. రాయి, ఇటుక, సున్నం, అంతే. నువ్వు హంపీ పోయినావు గదా, రాయలు పండుకున్న ఇల్లు యాడుండాది? ఎత్తరుగు ఉండాది, మెట్లుండాయి, దాని మీద ఆకాశం ఉండాది. పైనంతా కట్టె పని. 1565లో తళ్ళికోట యుద్ధం అయినాక కాల్చినారు, పోయింది. విజయనగరం రాజులు ఎట్లాంటి ఇండ్లలో బతికినారో చూడాలంటే పైకప్పుతో సహా నిలిచినవి వేళ్ళ మీద లెక్కబెట్టొచ్చు. హంపీ వదిలి పెనుకొండకు పోయి, ఆన్నించి ఈడికి వచ్చి, తర్వాత వేలూరు చేరినారు. ఆ దారిలో మన ఊరికి మిగిలింది ఈ రాజమహల్, దాని పక్కనున్న ఇంకో మహలు.

అమ్మాయి: కట్టె లేకుండా అంత పెద్ద గది మీద కప్పు నిలబడటం మాకు పుస్తకంలో గీతలుగా చెప్పారు. నువ్వు చేతులతో చేసినవాడివి. ఎలా నిలుస్తుంది?

మామ: మొదట కింద ఒక అచ్చు నిలబెట్టుకోవాల, వంపు మాదిరి. దాని మీద రెండు పక్కలనించి ఇటుకలు పేర్చుకుంటా రావాల. ఒక ఇటుక వీపు ఇంకో ఇటుక పొట్టకు ఆనాల. నడుమ సున్నం అరంగుళం మించకూడదు. రెండు పక్కలా పైకొచ్చి నడినెత్తిన ఒక్క ఇటుక చోటు మిగులుతాది. ఆ ఇటుక బిగించి కొట్టినాక, సున్నం గట్టిపడినాక, అచ్చు తీసేయొచ్చు. అప్పుడు దాని బరువే దాన్ని పట్టుకుంటాది. అయితే ఆ బరువు కిందికి మాత్రమే పోదు, పక్కలకు తోస్తాది. అందుకే గోడలు అంత లావు. నువ్వు చిన్నప్పుడు అడిగినావు, రాజులకు అంత లావు గోడలెందుకు, దొంగల భయమా అని. దొంగలు కాదు పాపా, కప్పు తోసే తోపుడు.

అమ్మాయి: ఆ గోడ మీద గచ్చు?

మామ: ఆ గచ్చు పెట్టినోళ్ళు ఏమేం కలిపినారో ఆళ్ళకే తెలుసు. మేం మరమ్మతులకు కలిపేది మాత్రం చెప్తా. సున్నం, ఇసక గానుగలో ఏసి రాతి చక్రం తిప్పి వెన్న మాదిరి అయ్యేదాకా నూరి, తడి ఆరకుండా పెట్టుకుంటాం. కరక్కాయ నానబెట్టిన నీళ్ళు, బెల్లం నీళ్ళు పోస్తాం. సిమెంటు పూటకే గడ్డ కడతాది. సున్నానికి తొందర లేదు. గాలి తాగుతా తాగుతా ఏండ్ల తరబడి రాయవుతాది. చేతివేలితో రుద్దితే చలవరాయి మాదిరి జారతాది. నీ స్నేహితులు మ్యూజియంలో గోడ ముట్టుకోకూడదు కాబట్టి నేను పూసిన తునక ఒకటి ఇంట్లో ఉండాది, అది తెచ్చిస్తా. ఇది జనం తోసుకునే చోట చెప్పేది కాదు.

అమ్మాయి: దీన్ని కాదనను. జాబితాలో రాస్తున్నా, చూడు. కానీ నాకు ఒక అభ్యంతరం ఉంది. రాజమహల్ ముందు కమానులు, పైన గుడి శిఖరాల్లాంటి బురుజులు. సుల్తానుల పద్ధతీ మన పద్ధతీ ఒకే గోడ మీద. అది ఎంత అందమైనదైనా ఈరోజు దానిలో ఎవరూ భోంచెయ్యరు, ఎవరూ నిద్రపోరు, ఎవరి పెళ్ళీ జరగదు. 1639లో దామర్ల వెంకటాద్రి నాయకుడు ఇంగ్లీషు కంపెనీకి చెన్నపట్నం చోటు రాసిచ్చాడని, ఆ వ్యవహారం ఈ మహల్లోనే తేలిందని ఊళ్ళో చెప్పుకుంటారు. ఆ తర్వాత ఈ గోడలకు ఏం పని మిగిలింది? మనిషి వాడని గది కొలతలు మాత్రమే చెబుతుంది. కపిలతీర్థంలో చూడు.

మామ: కార్తీకంలోనా? పున్నమికి ముక్కోటి అని కాలు పెట్టే సందుండదు.

అమ్మాయి: అందుకే. పై నుంచి శేషాచలం నీళ్ళు కోనేట్లోకి దూకుతుంటాయి. ఎండాకాలంలో వెళితే బండ తప్ప ఏమీ ఉండదు, మన వానలు పడే ఈ నెలల్లోనే ఆ చోటు పూర్తిగా తయారవుతుంది. కోనేటి చుట్టూ మెట్లు, గట్టు మీద మండపాలు. అచ్యుతరాయల కాలంలో, 1531లో కట్టించినవి. సంధ్య వార్చుకోవడానికి కట్టారు. అంటే ఒక మనిషి తడిబట్టతో కూర్చుని నీళ్ళ వైపు తిరగడానికి ఎంత చోటు కావాలో అంతే చోటు. తల మీద ఎంత కప్పు కావాలో అంతే కప్పు. ఖాళీగా ఉన్నప్పుడు అవి పొట్టిగా, చీకటిగా కనబడతాయి. మొన్న కార్తీక సోమవారం ఒక ముసలమ్మ అక్కడ ప్రమిద వెలిగించి స్తంభానికి ఆనుకుని కూర్చుంది. ఆ స్తంభం ఎందుకు అంత లావో, కప్పు ఎందుకు అంత కిందికి ఉందో ఆమె వీపును చూస్తే అర్థమయింది నాకు.

మామ: (కొంచెం ఆగి) ఆ కప్పు కిందికి దించింది నీటితుంపర లోపలికి కొట్టకుండా.

అమ్మాయి: ఆమె వీపు కోసమని నేనంటా.

మామ: రెండూ అనుకుందాంలే. కానీ వాడుక వాడుక అంటా ఉండావే, ఆ వాడుకే ఏం చేసిందో నాకు తెలుసు. తిరుమలలో మహాద్వారం ఎదురుగా వెయ్యికాళ్ళ మండపం ఉండింది. నీకు ఊహ తెలియదు. 1464లో సాళువ మల్లదేవ మహారాజు కట్టించింది. నేను మొదటిసారి కొండకు పోయినప్పుడు మా నాయన నన్ను భుజం మీద కూర్చోబెట్టుకుని ఆ స్తంభాల్లో తిప్పినాడు. ఎటు చూసినా స్తంభాల వరసే, ఇంకో పక్కకు తిరిగితే ఇంకో వరస. 2003లో విప్పేసినారు. జనం పెరిగినారు, చోటు కావాల అన్నారు. రాజమహల్లో జనం లేరు కాబట్టి దాన్ని ఎవురూ విప్పలేదు. వాడుక ఎక్కువైతే మొదట పోయేది రాయే.

ఈ మాట చెప్పేటప్పుడు మా తమ్ముడి గొంతు మారింది. ఆ మండపం నేనూ చూశాను. దాని గురించి నా అభిప్రాయం ఎవరడిగినా ఒకటే చెబుతాను: నిలువ నీడ కోసం కట్టినదాన్ని, నిలబడేవాళ్ళు ఎక్కువయ్యారని తీసెయ్యడం నాకు ఈ రోజుకీ మింగుడుపడదు. అయినా అమ్మాయి చెప్పిన జవాబు కూడా కొట్టిపారేసేది కాదు.

అమ్మాయి: అది తప్పు మామా. దాన్ని సమర్థించను. కానీ కాళహస్తి గాలిగోపురం ఎందుకు పడిపోయింది? 1516లో కృష్ణదేవరాయలు కట్టించింది, 2010 మే 26 సాయంత్రం కుప్పకూలింది. దాని మీద జనం నడవలేదే. 

మామ: నేను మర్నాడే బస్సెక్కి పోయినా. వీధిలో ఇటుకల కుప్ప. ఇంత పెద్ద గోపురం ఆ కుప్పేనా అని నమ్మబుద్ధి కాలేదు. అంతకుముందే గోడలో నెర్రెలు కనపడినాయి. నెర్రె మొదట వెంట్రుక మాదిరి వస్తాది. అప్పుడే చూసినోడు దాని మీద రొంత సున్నం ముద్ద పెట్టి తేదీ రాయాల. ఆ ముద్ద చీలితే గోడ కదులుతా ఉండాదని లెక్క. మేం చేసే పరీక్ష అదే. గోపురం చూసేవాళ్ళు వేలమంది, నెర్రె చూసేవాళ్ళు ఎందరు?

అమ్మాయి: కానీ దాన్ని మళ్ళీ కట్టారు కదా? 2017కల్లా కొత్త గోపురానికి కుంభాభిషేకం జరిగింది. ఎందుకు కట్టారు? ఆ ఊళ్ళో పెళ్ళిళ్ళూ ఊరేగింపులూ ఆ వీధి మీదుగానే పోతాయి కాబట్టి. 2021 నవంబరు వానలకు శ్రీవారి మెట్టు దారి కొట్టుకుపోతే మరుసటి ఏడే మెట్లు సరిచేసి తెరిచారు. రేపు, అలా జరగకూడదు గానీ, రాజమహల్లో ఒక మూల కూలితే దాని కోసం ఊరు కదులుతుందా?

మామ: నేను కదులుతా.

అమ్మాయి: నువ్వు కదులుతావు. ఊరు?

మామ జవాబు చెప్పలేదు. కింద వీధిలో పాల బండి పోయింది. నేను లేచి ఇద్దరికీ కాఫీ తెచ్చాను. తిరిగి వచ్చేసరికి వాళ్ళు తిరుమల మెట్లదారి మాటకు వచ్చారు.

అమ్మాయి: అలిపిరి నుంచి నడిచే పోతాం. తొమ్మిది కిలోమీటర్లు, 3,550 మెట్లు. నా లెక్కలో ఈ జిల్లాలో అన్నిటికన్నా పెద్ద కట్టడం అదే. 

మామ: మెట్లదారి కట్టడమెట్ల అవుతాది?

అమ్మాయి: ఊపిరిని కొలిచి కట్టారు కాబట్టి. మొదట పాదాల మండపం. తర్వాత గాలిగోపురం దాకా ఒకటే ఎక్కుడు, కాళ్ళు అరిచే ఎక్కుడు. గోపురం దాటాక దారి చదునవుతుంది, చాలాదూరం చెట్ల మధ్య నడక. ఒళ్ళు తేలికపడి ఇంక వచ్చేశాం అనుకునేటప్పుడు మోకాళ్ళ మెట్టు నిలువుగా ఎదురవుతుంది. రామానుజులు ఆ కొండ మీద పాదం మోపలేక మోకాళ్ళతో ఎక్కారని చెబుతారు కదా. అక్కడ ఇప్పటికీ మోకాళ్ళ మీద ఎక్కేవాళ్ళుంటారు. పక్కన చెయ్యి ఆనించుకునే గోడ దగ్గర ఎవరో ఒకరు ఆగి ఊపిరి తీసుకుంటుంటారు. మెట్టంతా పసుపూ కుంకుమా. ప్రతి మెట్టుకూ బొట్టు పెట్టుకుంటూ ఎక్కే ఆడవాళ్ళ చేతివేళ్ళే ఆ రాతికి రంగు. మీ సున్నం గాలి తాగి గట్టిపడినట్టు, ఈ రాయి మనుషులతో నునుపు తేలింది.

మామ: (నవ్వి) నా మాట నాకే తిప్పినావు. అయితే ఒకటి చెప్పు. గాలిగోపురం కింద మెట్టు ఎత్తెంత, మోకాళ్ళ మెట్టు దగ్గర ఎత్తెంత?

అమ్మాయి: తెలియదు. కొలవలేదు.

మామ: ఊపిరిని కొలిచి కట్టినారు అన్నావే!

అమ్మాయి ముఖం ఎర్రబడింది. కానీ మామ గెలిచినట్టు మాట్లాడలేదు, ముందుకు వంగి కాగితం చూశాడు. మిగతా పేర్లు త్వరగానే తేలిపోయాయి. నాగలాపురం వేదనారాయణస్వామి గుడిలో అస్తమించే సూర్యుడి కిరణాలు స్వామి పాదాల నుంచి మెల్లగా పైకి పాకడం చూడాలంటే మార్చి చివరి రోజుల్లో రావాలి, ఇప్పుడు పోయి లాభం లేదన్నారు ఇద్దరూ. గుర్రంకొండ దూరమని వదిలేశారు. ఇక గుడిమల్లం. ఆ పేరు ఇద్దరి నోటా ఒకేసారి వచ్చింది.

మామ: రేణిగుంట దాటి పాపానాయుడుపేట మీదుగా పోవాల. గుడి చుట్టూ తిరిగి వెనకవైపు నిలబడమని చెప్పు నీ స్నేహితులకు. ఏనుగు పండుకుంటే వెనకనించి ఎట్ల కనపడతాదో అట్ల, గుండ్రంగా. గజపృష్ఠం. రాతిని నాలుగు మూలలుగా కట్టేది సులభం, గుండ్రంగా తిప్పాలంటే ప్రతి రాయినీ వంపుకు తగినట్టు చెక్కుకోవాల. ఆ కష్టం ఎందుకు పడినారు? కింద ముందున్న ఇటుక గుడి అదే రూపం. 1973లో తవ్వినప్పుడు బయటపడింది. పాత ఇంటి గుర్తు పోగొట్టకుండా కొత్త ఇల్లు కట్టినారు.

అమ్మాయి: నాకు లోపల. ముఖమండపం దాటి పోతుంటే నేల కిందికి దిగుతుంది. చాలా గుళ్ళలో స్వామి మనకంటే ఎత్తులో ఉంటాడు, ఇక్కడ దిగి చూడాలి. చీకట్లో ఐదడుగుల లింగం. దాని ముందువైపు నిలబడ్డ మనిషి. ఒక చేతిలో పొట్టేలు, ఇంకో చేతిలో చిన్న కుండ, భుజాన గొడ్డలి, కాళ్ళ కింద మరుగుజ్జు యక్షుడు. వేటకు పోయి వచ్చిన మన అడవి మనిషి లాగే ఉంటాడు. అది క్రీస్తుకు ముందుదని కొందరు, తర్వాతదని కొందరు. ఎవరి మాట నిజమైనా, లింగం చుట్టూ ఉన్న ఆ చిన్న రాతి కంచె చూస్తే మొదట దానికి గుడే లేదనిపిస్తుంది. ఆరుబయట కంచె. తర్వాత ఇటుక ఇల్లు. తర్వాత రాతి ఇల్లు. దేవుడు కదల్లేదు, ఇల్లే చుట్టూ పెరిగింది.

మామ: అయ్యవారు హారతి ఇస్తారు. వాడుకలో ఉండాది.

అమ్మాయి: జనం మాత్రం పది మంది కూడా ఉండరు. నిలబడి చూడొచ్చు.

మామ: అయితే మన ఇద్దరి మాటా నెగ్గింది అంటావా?

అమ్మాయి: లేదు మామా. రాజమహల్ విషయంలో నేనింకా ఒప్పుకోలేదు. 

మామ: నేనూ గోపురం వీధి విషయంలో ఒప్పుకోలేదు.

క్రమం మాత్రం కుదిరింది. శుక్రవారం పొద్దున అలిపిరి మెట్లు, దర్శనం, దిగాక కపిలతీర్థం. శనివారం ఎండ ముదరకముందే గుడిమల్లం, తర్వాత రాజమహల్, రాత్రి రైలుకు ముందు గోవిందరాజస్వామి గోపురం. మా తమ్ముడికి మోకాళ్ళు సహకరించవు కాబట్టి మొదటి రోజు రాడు. అమ్మాయి కాగితం మడిచి పెట్టబోతుంటే ఆపాడు. లోపలికి పోయి తన పనిసంచి తెచ్చుకుని వెతికాడు. దారానికి కట్టిన ఇనుప గుండు ఒకటి, చెక్క అడుగుబద్ద ఒకటి బయటికి తీశాడు. గుండు తన పక్కన పెట్టుకున్నాడు. రాజమహల్లో గోడకు దగ్గరగా, ముట్టుకోకుండా పట్టి, ఇన్ని వందల ఏళ్ళ తర్వాత అది ఎంత నిటారుగా ఉందో పిల్లలకు చూపించాలట. అడుగుబద్ద అమ్మాయి చేతిలో పెట్టాడు.

"గాలిగోపురం కింద పది మెట్లు, మోకాళ్ళ మెట్టు దగ్గర పది మెట్లు," అన్నాడు. "ఎత్తూ, వెడల్పూ. రాసుకుని రా. నువ్వు చెప్పింది నిజమైతే అంకెల్లో కనపడాల."

అమ్మాయి క్యాలెండర్ కాగితం మళ్ళీ విప్పి, అడుగున రెండు గళ్ళు గీసుకుంది.